మిర్చి షెడ్డులో నా స్విచ్చి

నేను ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ని. మూడు ఇనుప రెక్కలు, ఒక మోటారు, బోలెడంత గర్వం. లోపలి గాలిని బయటికి తోసెయ్యడమే నా పని. బెజవాడ ఆటోనగర్‌లో పుట్టి, ఒక బియ్యం మిల్లులో ఊక దుమ్ము తిని పెరిగాను. ఆ మిల్లు మూతపడ్డాక, గుంటూరు శివార్లలో మిర్చి షెడ్డు నడిపే పూర్ణయ్య గారు నన్ను కొని గోడకెక్కించారు.

ఎక్కించారే గానీ తిప్పలేదు. గాలి ఆడితే కాయ ఆరి తూకం తగ్గుతుందని ఆయన బెంగ. నా స్విచ్చి ఆయన గదిలో ఉండేది. తనిఖీకి అధికారులు వస్తే నాకు ప్రాణం వచ్చేది, వాళ్ల జీపు మలుపు తిరగగానే పోయేది.

కింద ఆడవాళ్లు మిరప రాశి చుట్టూ మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని తొడిమలు తుంచేవారు. ఆ ఘాటుకి దగ్గులూ తుమ్ములూ ఆగేవి కావు. కరోనా వచ్చి ఊరంతా దగ్గంటే హడలిపోతున్నా, ఇక్కడ ఎవరు దగ్గినా "కాయ ఘాటులే" అనుకుని ఊరుకున్నారు.

ఒకరోజు పొద్దున్నే కొత్త సరుకు కుమ్మరించారు. అందరూ కొంగులు అడ్డం పెట్టుకుని తుమ్ముతుంటే దానమ్మ మాత్రం మామూలుగా తుంచుకుంటూ పోతోంది. పక్కనున్న సలోమి చెయ్యి ఆగిపోయింది.

"ఏందొదినా, నీకు తుమ్ము రావట్లా?"

"ఘాటే తెలవట్లేదమ్మా. నిన్నట్నుంచి ఏ వాసనా తెలవట్లా."

వాసన పోవడమంటే ఏమిటో అప్పటికి అందరికీ తెలుసు. సలోమి ఆటో పిలిచి దానమ్మను ఆసుపత్రికి పంపింది. తరవాత ఆడవాళ్లంతా లేచి వెళ్లి గేటు దగ్గర ఎడంగా కూర్చున్నారు. పూర్ణయ్య గారు పరుగున వచ్చారు.

"ఒకరికొస్తే అందరూ లేస్తారేందమ్మా? భయమున్నోళ్లు పోండి, వేరేవాళ్లని పెట్టుకుంటా."

"మేం పని మానం అయ్యా," అంది సలోమి. "ఫ్యాను పొద్దస్తమానం తిరగాల. రాశిని చిన్న కుప్పలు చేసి మమ్మల్ని దూరం దూరంగా కూర్చోబెట్టాల. దానమ్మొదిన లేచొచ్చిందాకా ఆమె కూలీ ఆమెకియ్యాల, ఆమె చోటు ఆమెకే ఉంచాల. పని చేయటానికొచ్చాం గానీ చావటానికి కాదు."

"సరే, ఫ్యాను ఏస్తాలే."

"మీరేసేది కాదయ్యా. ఆ స్విచ్చి మా షెడ్డులోకి రావాల."

నా గురించి ఒక మనిషి అంత గట్టిగా మాట్లాడడం అదే మొదలు. గర్వంతో ఉబ్బిపోయాను.

పూర్ణయ్య గారు వేరే కూలీల కోసం చుట్టుపక్కల పేటలన్నీ తిరిగారు. సంగతి తెలిసి ఒక్కరూ రాలేదు. సరుకు కోసం వచ్చిన లారీ వాకిట్లో నిలబడిపోయింది. సాయంత్రానికి ఆయన అన్నిటికీ ఒప్పుకుని, కరెంటు పని చేసే అతన్ని తెచ్చి స్విచ్చిని షెడ్డు తలుపు పక్కన బిగించారు. సలోమి నొక్కింది.

తిరిగాను చూడండి! ఏళ్లనాటి ఎర్ర దుమ్మంతా బయటికి చిమ్మాను. అందులో కొంత గోడ బయట నిలబడ్డ పూర్ణయ్య గారి తెల్లచొక్కా మీద పడింది. అందుకు నేనేమీ బాధపడలేదు.

దానమ్మ చాలా రోజులు ఆక్సిజన్ మీద ఉంది. చివరికి సగమై తిరిగొచ్చి, తన చోట కూర్చుని ఒక కాయ తుంచింది. ముఖం అదోలా పెట్టి షెడ్డు అదిరేలా తుమ్మింది. సలోమి నవ్వుతూనే ఏడ్చేసింది.

మొన్న నా మోటారు కాలిపోయింది. పాత ఇనుముకి అమ్మేసి ట్రాలీ ఎక్కిస్తుంటే లోపలికి చూశాను. నా చోట కొత్త ఫ్యాన్ ఉంది. దానమ్మ లేచి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, ఎవరినీ అడక్కుండా స్విచ్చి వేసింది.