వెనక్కి ఒక అడుగు

మేం అక్కాతమ్ముళ్ళం ఇద్దరమూ కత్తెరను నమ్ముకునే బతుకుతున్నాం. నేను జుట్టు కత్తిరిస్తాను, వాడు సినిమాలు కత్తిరిస్తాడు. నా చెయ్యి జారితే నెల తిరిగేసరికి జుట్టు పెరిగి సర్దుకుంటుంది. వాడి పనికి ఆ వెసులుబాటు లేదు.

నేను పెళ్ళికి ముందు నుంచీ పిచ్చెక్కి వింటున్న రాక్ బ్యాండు కచేరీని సినిమాగా తీశారు, దాని ఎడిటింగ్ మా తమ్ముడికే వచ్చింది. ఆ కబురు విన్నరోజు నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. నా పిచ్చి నా కూతురికి ఉగ్గుపాలతోనే అబ్బింది. ఇద్దరం మొదటిరోజే థియేటర్‌కి వెళ్ళాం.

ఆ బ్యాండు చివరి పాట సంగతి తెలియనివాళ్ళకు కాస్త చెప్పాలి. పాట మధ్యలో డ్రమ్ము టక్కున ఆగిపోతుంది. హాలంతా ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. ఆ నిశ్శబ్దంలో దగ్గినా మహాపాపమే. మళ్ళీ డ్రమ్ము మోగగానే వేలమంది ఒక్కసారిగా ముందుకు దూకుతారు. ముందు వరసవాళ్ళు ఇనప కంచెకు నలిగిపోకుండా మా పాతకాపులం ఒక పద్ధతి పెట్టుకున్నాం. డ్రమ్ము ఆగే ముందు గాయకుడు అరచెయ్యి ఎత్తుతాడు. మొదటి వరసవాళ్ళు తమ వెనకవాళ్ళ మోచేతి మీద తడతారు, వాళ్ళు తమ వెనకవాళ్ళని తడతారు. తట్టు చివరిదాకా వెళ్ళాక, అందరికన్నా వెనకవాళ్ళు ముందుగా ఒక అడుగు వెనక్కి వేస్తారు. ఆ తర్వాత వాళ్ళ ముందు వరస, దాని ముందు వరస. అలా కదులుతూ ఖాళీ కంచెదాకా వస్తుంది. దానికి ఓపిక కావాలి, ఆ ఓపిక మాకు ఉండేది.

సినిమాలో ఆ అడుగు లేదు. చెయ్యి ఎత్తడం లేదు, తట్టడం లేదు. డ్రమ్ము ఆగింది, మళ్ళీ మోగింది, జనం దూకారు, అంతే. థియేటర్లో కుర్రకారు అప్పటికే తెర ముందుకు చేరిపోయి, వాళ్ళూ దూకారు. ఒకమ్మాయి నుదురు తెర కింది అరుగు అంచుకు తగిలి రక్తం వచ్చింది. ఆ పిల్ల ఏడవలేదు, నవ్వుతూ ఫోటో తీయించుకుంది. నా కూతురు దాన్ని అసూయగా చూసింది. ఆ చూపుకే నా గుండెల్లో రాయి పడింది.

మర్నాడే తమ్ముడి గదికి వెళ్ళాను. తెరలు దించుకుని, చల్లారిన టీ పక్కన పెట్టుకుని ఇంకేదో సినిమా కత్తిరిస్తున్నాడు. ఆ అడుగు ఏమైందని నిలదీశాను. తీసిపారేసిన ముక్కను నాకే వేసి చూపించాడు.

"చూడక్కా, జనం భయపడి పారిపోతున్నట్టు లేదూ? అది పెడితే సినిమా అక్కడే చచ్చిపోతుంది."

సినిమా చూసి నేర్చుకున్న పిల్లలు రేపు నిజం కచేరీలో ఏం చేస్తారని అడిగాను. వాడు పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. కనీసం గాయకుడికి ఒక్క ఫోను చెయ్యమని బతిమాలాను. ఇన్నేళ్ళుగా చెయ్యి ఎత్తుతున్న మనిషికి నేను గుర్తుచెయ్యాలా అని నవ్వేశాడు. పైగా ఆయన సినిమా చూసి మురిసిపోయాడనీ, సొంతానికి ఒక కాపీ తీసుకెళ్ళి రోజూ వేసుకుని చూస్తున్నాడనీ గొప్పగా చెప్పాడు.

కొత్త కచేరీ రానే వచ్చింది. ఆ ఉదయం నా కూతురు మెడ వెనక పొట్టిగా కత్తిరించమని నా ముందు కూర్చుంది. కత్తిరిస్తున్నంతసేపూ అడుగు గురించి చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

"సినిమాలో అలా లేదమ్మా," అంది అద్దంలో నన్ను చూస్తూ. "మీ రోజుల్లో చేసేవాళ్ళేమో."

పంపకుండా ఉండలేకపోయాను, వెంట వెళ్ళకుండానూ ఉండలేకపోయాను. హాల్లోకి అడుగుపెట్టగానే అది స్నేహితులతో కలిసి నా చేతికి చిక్కకుండా కంచెదాకా దూరిపోయింది. నేను చాలా వరసల వెనక ఇరుక్కుపోయాను. పొద్దున నేను జుట్టు కత్తిరించిన మెడ మాత్రం తలల సందుల్లోంచి తెల్లగా కనిపిస్తూ ఉంది. దాన్నే చూస్తూ నిలబడ్డాను.

చుట్టూ అన్నీ కొత్త మొహాలే. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. పాటలు, మధ్యలో గాయకుడి మాటలు, చివరికి సినిమాలో ఆయన విడిచిన నిట్టూర్పులతో సహా అన్నీ వల్లెవేస్తున్నారు. చివరి పాట మొదలైంది. నేను గాయకుడి చెయ్యి కేసి చూశాను.

చెయ్యి లేవలేదు. ఆయన కళ్ళు మూసుకుని, గడ్డం కాస్త పైకెత్తి, ఎడమకి తిరిగాడు. అచ్చం సినిమాలోలాగే. ఈయనా దాన్ని చూసే నేర్చుకున్నాడని అర్థమైంది.

డ్రమ్ము ఆగింది.

నా వెనక కుర్రాడి మోచేతి మీద తట్టాను. వాడు విసుగ్గా చెయ్యి లాక్కున్నాడు. నేనే పక్కకి ఒరిగి ఒక అడుగు వెనక్కి వేశాను. నేను వదిలిన చోటులోకి ఇద్దరు జొరబడి ముందుకు జరిగారు. ఇక ఆగలేకపోయాను.

"వెనక్కి జరగండి," అని అరిచాను. "ఒక్క అడుగు వెనక్కి వెయ్యండి."

ఆ నిశ్శబ్దంలో నా గొంతు వేదికదాకా వినిపించింది. వందల మొహాలు నా వైపు తిరిగాయి. ఎవరో ష్ అన్నారు, తర్వాత హాలంతా ష్ అంది. ఒక చెయ్యి నా నోటిని మూసింది.

కంచె దగ్గర ఆ పొట్టి జుట్టు కూడా ఇటు తిరిగింది. నా కూతురు నన్ను గుర్తుపట్టింది. సిగ్గుతో మొహం ఎర్రబడింది. ఇక చాలమ్మా అని బతిమాలుతున్నట్టు పెదాల మీద వేలు పెట్టుకుంది. దాని వీపు ఇనప కంచెకు ఆనుకుని ఉంది. మొహం మా అందరి వైపు ఉంది.

నా చుట్టూ అందరూ మోకాళ్ళు వంచారు. దాని తల వెనక, వేదిక మీద, డ్రమ్మర్ చేతులు పైకి లేచాయి.