తంబాకు చెయ్యి

ఆరువందల బీడీలయ్యేసరికి సాయవ్వ నడుము మాట వినడం మానేసింది. చాట ఒళ్లో పెట్టుకుని గోడకు చేరగిలబడి, కత్తిరించిన తునికాకులో చిటికెడు తంబాకు పోసి, చుట్టి, కొస గోటితో మడిచి, దారం కట్టి పక్కన పడేస్తోంది. కళ్లతో పనిలేదు. ముప్పై ఏళ్లుగా వేళ్లే చూసుకుంటున్నాయి.

చాట పక్కన, చీరచెరగులో, కుక్కపిల్ల ముడుచుకుని ఉంది. వీధికుక్క ఐదింటిని ఈని, నాలుగింటిని నాకి, దీన్ని మాత్రం మూతితో అవతలికి నెట్టేసింది. ఎలుకంత ఉంది. తల్లి వద్దన్నదాన్ని తెచ్చుకోవడానికి సాయవ్వ ఇంట్లో ఏం పొంగి పొర్లుతోందని? అయినా తెచ్చుకుంది.

కట్ట కట్టినప్పుడల్లా చిటికెనవేలు పాలలో ముంచి దాని నోట్లో పెడుతుంది. తొమ్మిది రోజులుగా అదే వరస. మూడు రోజుల నుంచి మాత్రం తాగినదంతా నురగ కక్కుతోంది, కాళ్లు వణుకుతున్నాయి.

"తాగుతవ్, కక్కుతవ్. గింత పానానికి గంత గడబిడ ఎందుకే?" అని తిట్టింది. తిడుతూనే మళ్లీ వేలు ముంచింది.

పక్కింటి తారాబాయి తన చాటతో వచ్చి కూర్చోబోయి ఆగింది.

"సాయక్కా, నీ ఏలుకు తంబాకున్నది గదా! గది పాలు తాగుతలేదు, ఇసం తాగుతున్నది. మా మేకపిల్ల గిట్లనే పోయింది."

సాయవ్వ వేలు వాసన చూసుకుంది. ఏమీ తెలియలేదు. కుంకుడు రసంతో కడిగి, బూడిదతో తోమి, మంట పుట్టేదాకా రుద్ది, తారాబాయి ముక్కు ముందు పెట్టింది.

"పోయిందా?"

"నాకు గూడ తెలుస్తలేదక్కా."

నిజామాబాద్‌లోని ఆ గల్లీలో తంబాకు అంటని చెయ్యి ఒక్కటీ లేదు. గుడ్డపేలికతో ఒత్తి చేసి తాగించబోయింది. ఒత్తి పేనిందీ ఆ వేళ్లే.

సాయవ్వ ఒత్తి కింద పడేసింది. రజాకార్ల గడబిడ తర్వాతి ఏడాది పుట్టిన తన ఆడపిల్ల కూడా ఇలాగే నురగ కక్కి, ఇలాగే వణికి పోయింది. దిష్టి అన్నారు, ఉప్పు తిప్పి పోశారు. చాట దించే తీరిక లేక, ఏడుపు ఆపడానికి ఆ పిల్ల నోట్లో ఈ వేలే పెట్టేది సాయవ్వ. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

పొద్దు వాలుతుండగా తమ్ముడు భోజన్న వచ్చాడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు తోలే బండి అతనిది. చక్రానికి ఇనప పట్టా వేయించుకోవడానికి టౌనుకొచ్చి, అక్కను చూసిపోదామని ఆగాడు. బీడీ ముట్టడు. నువ్వేం మగోడివిరా అని ఇన్నేళ్లూ అక్క ఎగతాళి చేసేది. ఇవాళ అతని అరచేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. పగుళ్లు, చెరుకు జిగురు.

"తమ్మీ, దీన్ని తీస్కపో. నీ ఏలుతోని పాలు తాపు."

"గింతున్నది, బత్కుతదా అక్కా?"

"నా కాడైతే బత్కది."

భోజన్న తలరుమాలు విప్పి పిల్లను అందులో చుట్టుకున్నాడు. "కుక్కపిల్లను ఏదన్న ఇయ్యక ఉత్తగ కొంచవోవద్దంటరు" అంటూ, బండిలో మిగిలిన చెరుకుగడ ఒకటి తీసి గడప పక్కన ఆనించాడు. పిల్ల కొత్త వేలు చీకుతూ వెళ్లిపోయింది. దాని కళ్లు ఇంకా తెరుచుకోనే లేదు. సాయవ్వ ముఖం ఎలా ఉంటుందో దానికి ఎన్నటికీ తెలియదు.

వెయ్యి నిండాలంటే ఇంకా నాలుగువందల బీడీలు ఉన్నాయి. సాయవ్వ చాట ఒళ్లోకి లాక్కుంది.

గడప పక్కన చెరుకుగడ, ఆకు కూడా తీయనిది, కోసిన మొదలు ఇంకా తడిగానే ఉంది.