పెద్దక్క కుట్టని చొక్కాలు

అక్కాచెల్లెళ్లిద్దరూ కలిసి పెట్టిన బట్టల కంపెనీ అది. కంపెనీ అంటే పెద్ద మాటే గానీ, ఉన్నదల్లా మేడ మీద రెండు గదులు, నాలుగు మిషన్లు, కిటికీ పక్కన గుడ్డ కత్తిరించే బల్ల. పురుగుమందు కొట్టకుండా పండించిన పత్తి బట్ట తప్ప వేరేది ముట్టేవాళ్లు కాదు. ఐదు కొట్టగానే కుట్టేవాళ్లంతా లేచి ఇళ్లకు పోవాల్సిందే, అది అక్క పెట్టిన రూలు. బయట తిరిగి బేరాలు తెచ్చేది చెల్లెలు. కుట్టుపని బాధ్యతంతా అక్కది. ఆమెకంటే వయసులో పెద్దవాళ్లు కూడా ఆమెను పెద్దక్కా అనే పిలిచేవారు.

ప్రతి చొక్కాకీ మెడ లోపల చిన్న పట్టీ. ఎవరు కుడితే వాళ్ల పేరు. ‘ఇది పెద్దక్క కుట్టింది’ అన్న పట్టీ ఉన్నవాటికి గిరాకీ ఎక్కువ. ఆ ఆలోచన చెల్లెలిదే, ఆ సంగతి పదిమందికీ చెప్పుకుని మురిసిపోయేది.

ఒకసారి పెద్ద దుకాణమొకటి నెలలో మూడు వందల చొక్కాలు కావాలంది.

“నూట ఇరవై దాటి మనవల్ల కాదే. కుదరదని చెప్పెయ్,” అంది అక్క.

చెల్లెలు తలూపింది గానీ చెప్పలేదు. మిగతా నూట ఎనభై ఊరి చివర ఓ షెడ్డులో కుట్టించింది. లోపలికి వెళ్లి చూడలేదు. గుమ్మంలోనే గుడ్డ ఇచ్చి, గుమ్మంలోనే చొక్కాలు తీసుకుంది. పట్టీలు మాత్రం తనే కూర్చుని కుట్టింది. అన్నిటికీ పెద్దక్క పేరే.

రెండు నెలలకి ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. చొక్కా చంక కింద కుట్టు ఊడిపోయింది.

“పెద్దక్క చేతి పని ఇలా విడిపోదే అని...” అంటూ మొహమాటపడింది.

చెల్లెలు అందుకునేలోపే అక్క తీసుకుని తిరగేసింది. అంచు మడవకుండా లాగించేసిన కుట్టు. మెడ దగ్గర తన పేరు. అక్క నిదానంగా కుట్టు విప్పి, మళ్లీ వేసి, పట్టీ కత్తిరించి తీసేసింది.

“తప్పు మాదేనండీ,” అని ఆవిణ్ణి పంపించింది.

తర్వాత అడిగింది. “ఎన్ని?”

“నూట ఎనభై.”

“ఎవరు కుట్టారు?”

చెల్లెలికి నిజంగానే తెలియదు.

“నేను ఒప్పుకోనని నన్ను అడగలేదు, సరే. కుట్టినవాళ్లనైనా పేరు అడగాల్సింది,” అంది అక్క. చెడామడా తిట్టినా బాగుండేది.

చేతిలో ఉన్న పని ముగించి, ఆ వారమే అక్క మానేసింది. చెల్లెలు దుకాణంవాళ్లకి నిజం చెప్పి, మిగిలిన చొక్కాలు వెనక్కి తెచ్చుకుంది. షెడ్డుకీ వెళ్లింది, ఈసారి లోపలికి. అప్పటివాళ్లు ఒక్కరూ లేరన్నారు. కొత్తవాళ్లు తలెత్తి చూసి, మళ్లీ మిషన్ల మీదకి వంగారు.

అక్క ఇప్పుడు ఒక బడిలో కుట్టు నేర్పుతోంది. కలిసినప్పుడు అమ్మ మోకాళ్ల గురించీ, పిల్లల చదువుల గురించీ మాట్లాడుకుంటారు. మొన్న చెల్లెలు ఉండబట్టలేక అడిగేసింది.

“వచ్చెయ్యక్కా. నువ్వు లేకపోతే నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు.”

“కోపం ఎప్పుడో పోయిందే,” అంది అక్క. “కానీ నువ్వు ఏం చెప్పినా, నిజమేనా అని మళ్లీ అడగాలనిపిస్తోంది. అలా ఒక గదిలో పనెలా చేస్తాం?”

చెల్లెలు సరేనంది. బస్సెక్కి కూర్చున్నాక గానీ ఏడుపు రాలేదు.