ఆగిన కాలు

ముఖానికి పూసిన నెత్తురు రంగు చెదరకుండా పెదాలు బిగబట్టి, దిండు మామ మోకాళ్ళకు స్పాంజి తొడుగులు కట్టుకుంటున్నాడు. ఒకటి కట్టి, లేచి, కాలు విదిలించి, మళ్ళీ కూర్చుని రెండోది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇదే వరస. కుడి మోచెయ్యి పూర్తిగా చాపుకోలేడు. రెండు వేళ్ళు విరిగి వంకరగా అతుక్కున్నాయి. సినిమా ఫైటర్లలో ఆయనంత మెత్తగా పడేవాడు లేడు గనక దిండు అన్నారు. వయసు మీదపడ్డాక మామ చేర్చారు. హీరో చేతిలో ఎన్నిసార్లు చచ్చాడో ఆయనకే గుర్తు లేదు. చచ్చిన ప్రతిసారీ సాయంత్రానికి కూరగాయల సంచీతో ఇల్లు చేరాడు.

పక్క బల్ల మీద బావమరిది కూర్చున్నాడు. కరాటే నేర్పే మాస్టారు. షూటింగు చూస్తానని వెంటపడి వచ్చాడు గానీ, వచ్చింది తప్పులు పట్టడానికి.

"ఒట్టేసి చెప్పు బావా. మీ హీరోకి నిజంగా ఏమైనా వచ్చా, లేక అంతా నువ్వు పడటంలోనే ఉందా?"

"నాకేం తెలుసురా? ఆయన కొట్టేలోపే నేను పడిపోతాను కదా."

"అదీ సంగతి! అరవయ్యేళ్ళాయన, మా కరాటే పిల్లల ముందు రెండు నిమిషాలు ఆగడు. మా అక్క చేతిలో గరిటె నయం."

"ఆ గరిటెకి రిహార్సల్ ఉండదురా నాయనా."

నవ్వాడు గానీ దిండు మామకు లోపల పీకుతూనే ఉంది. ఎడమ కన్ను మసకబారి ఏడాదైంది. భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. వాళ్ళ పనిలో పద్ధతి ఒకటే: కాలు లేవడం కంట పడగానే పడేవాడి తల వెనక్కి పోవాలి. కంట పడకపోతే దవడ పోతుంది. ఫైట్ మాస్టరుకు తెలిస్తే ఇంటికి పంపేస్తాడు. దిండు మామ అదృష్టం కొద్దీ ఈ ఏడాదంతా హీరో తన్నులన్నీ ఎడమకాలితో, ఆయన కుడి పక్కనుంచే వచ్చాయి. నడుం పట్టేసి కుడికాలు లేవడం లేదని హీరో అంటుంటే, పాపం వయసైపోయిందని అందరూ చాటుగా నవ్వుకున్నారు.

ఇవాళ ఫైట్ మాస్టర్ కెమెరా చోటు మార్చాడు. "సార్, ఈ ఒక్క షాటూ కుడికాలితో కావాలి. ఎడమకాలైతే మీ మొహం పడటం లేదు."

"వద్దులే, ఎడమకాలే కానిద్దాం" అన్నాడు హీరో.

మాటలు పెరిగితే గుట్టు బయటపడుతుందని దిండు మామ తొందరపడ్డాడు. "నాకేం ఇబ్బంది లేదండీ. కానివ్వండి."

హీరో ఆయన్ని ఓ క్షణం చూసి, తన చోటుకెళ్ళి నిలబడ్డాడు.

"యాక్షన్!"

దిండు మామ కత్తి ఎత్తి పరుగెత్తాడు. ఎడమ పక్క ఉత్త మసక తెర. కాలింకా లేవలేదనుకుని ఒక అడుగు ఎక్కువ వేశాడు.

కణతకు గాలి కొట్టింది. దెబ్బ రాలేదు. మెల్లగా తల తిప్పితే, వేలెడు దూరంలో బూటు అడుగు. దానికంటిన మట్టి, ఊడిన కుట్టు, అన్నీ కుడికంటికి కనిపిస్తున్నాయి. పూర్తి వేగంతో వచ్చిన కాలు మేకు దిగ్గొట్టినట్టు గాలిలో నిలిచిపోయింది. నేల మీది కాలు వణకడం లేదు. దిండు మామ ఆ కాలినే చూస్తుండిపోయాడు. ఇన్నేళ్ళూ ముందే పడిపోతూ, ఇంత గొప్ప దాన్ని ఒక్కసారీ చూడలేదే!

హీరో కాలు దించి, దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "కన్ను మరీ తగ్గినట్టుంది. పోయిన వేసవి నుంచీ చూస్తున్నా."

"మరి మీ నడుం నొప్పండీ?"

"నీ కన్ను బాగైతే అదీ పోతుంది."

దిండు మామ తనంతట తానే వెళ్ళి ఫైట్ మాస్టరుకు ఉన్నమాట చెప్పేశాడు. చివరిగా ఒక్క షాటు మాత్రం అడిగాడు, కుడి పక్కనుంచి. కెమెరాను మళ్ళీ జరిపారు. ఈసారి కాలు లేవడం చూశాడు, కళ్ళారా చూశాడు, చూసి పడ్డాడు. పరుపు చప్పుడు కూడా చెయ్యలేదు.

రంగు కడుక్కుని, అందరికీ చెప్పి బయటికి నడుస్తుంటే బావమరిది ఆయన తొడుగుల సంచీ అందుకున్నాడు. గేటు దగ్గర ఆగాడు.

"తన్నడం వందమందికి నేర్పాను బావా. అట్లా ఆపడం నాకు రాదు."

"నేర్చుకో మరి. నేనిక ఖాళీయే, ఎదురుగా నిలబడతాను."

"అమ్మో! అక్క చంపేస్తుంది."

లోపల షూటింగు ఫ్లోరులో లైట్లు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. నడిమధ్యన నీలం పరుపు, ఆయన వీపు దిగిన గుంటను ఇంకా వదలకుండా పట్టుకునే ఉంది.