సీసాలో వచ్చిన పెళ్లికూతురు

ఐసుపెట్టె పదకొండింటికి వచ్చింది. లోపల లీటరు సీసా, సీసాలో నీళ్లు. నిన్న సాయంత్రం దాకా ఆ నీళ్లలో ఒక ఆడచేప తిరిగింది.

అక్వేరియంలో తొట్లు చూసుకునే ఆయన సీసా మూత తిప్పాడు. ఆ జాతిలో తమకు తెలిసి మిగిలినవి రెండే చేపలు. మగది ఇక్కడ. ఆడది ఒక రాత్రి ప్రయాణమంత దూరంలో, మరో అక్వేరియంలో. గుడ్లు పండిన ఆడచేప ఒంట్లోంచి ఒక వాసన నీళ్లలోకి దిగుతుంది. అది నచ్చితే మగచేప ఒళ్లు నల్లబడుతుంది. నచ్చకపోతే దగ్గరికొచ్చిన ఆడదాన్ని కొరికి చంపేస్తుంది.

మొన్ననే తెచ్చెయ్యమన్నాడు ఆయన. ఆడచేపను పెంచే ఆవిడ ఫోనులో ససేమిరా అంది. "పిల్లనిచ్చేవాళ్లం. ఆమాత్రం భయం ఉండదా, వియ్యంకుడు గారూ? ముందు నీళ్లు పంపిస్తా. మీవాడు సరేనంటే నేనే పిల్లను వెంటబెట్టుకుని వస్తా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఎనిమిది నెలలుగా ఫోనులోనే వియ్యాలవారు. ఆయనకు వేరే ఎవరూ ఫోను చెయ్యరు. ఆవిడ వస్తానన్న రోజే గదిలోకి రెండో కుర్చీ కొన్నాడు.

గ్లాసుడు నీళ్లు తొట్టి మూలగా పోశాడు. ఒక నిమిషం. ఏమీ లేదు. రెండో నిమిషం. రాయిచాటు నుంచి మగచేప బయటికొచ్చింది. రెక్కలు విప్పింది. బూడిదరంగు ఒళ్లు తల నుంచి తోక దాకా సిరాలో ముంచినట్టయింది. వణుకుతూ గుండ్రంగా తిరగసాగింది.

"అబ్బో, పెళ్లికొడుకు గారూ!"

నవ్వుతూ ఫోను అందుకున్నాడు. ఈలోపే అది మోగింది.

"ఏవండీ..." ఆవిడ "వియ్యంకుడు గారూ" అనలేదు. "మా పిల్ల పొద్దున పోయింది."

ఆయన తొట్టివైపు తిరిగాడు.

"మగతోడు లేక గుడ్లు బయటికి రాలేదు, కడుపులోనే ఉండిపోయాయి. మొన్న మీరు రమ్మన్నప్పుడే తెచ్చుంటే..." ముక్కు చీదుకుంది. "నీళ్లు పోశారా? మీవాడేమన్నాడు?"

నల్లటి చేప అద్దానికి మూతి రాస్తూ అటూ ఇటూ పరుగెడుతోంది.

"ఏమంటాడు? రాయిచాటు నుంచి కదిలితేగా."

"నిజంగా?"

"ఒట్టు. వట్టి మొద్దు వెధవ. మీరు తెచ్చుంటే కొరికి చంపేసేవాడు."

అవతల పెద్ద నిట్టూర్పు. "అయితే తేకపోవడమే మంచిదైంది."

"మంచిదైంది."

"సరే మరి. ఉంటానండీ."

మళ్లీ ఎప్పుడు చేస్తానో ఆవిడ చెప్పలేదు. ఆయన అడగలేదు. ఏమని అడుగుతాడు?

మధ్యాహ్నం మేత వేశాడు. చేప ముట్టలేదు. రాయి కింద, అద్దం వార, మూలమూలా వెతుకుతూనే ఉంది. వాసన ఉన్నంతసేపూ అది ఆగదు. ఆయన చొక్కా చేతులు మడిచి, గొట్టం ఒక కొస తొట్లో ముంచి, రెండో కొస నోటితో పీల్చి తూములోకి వదిలాడు. నీళ్లు తగ్గడం మొదలైంది.

నీళ్లు ఎటు పోతున్నాయో చేప అటే వచ్చింది. గొట్టం మూతిలో తల దూర్చబోయింది. ఆయన అరచెయ్యి అడ్డం పెట్టి మెల్లగా వెనక్కి తోశాడు.

అది మళ్లీ వచ్చింది.