హాల్లో పడిన దెబ్బ

పొద్దున్నే పొయ్యి వెలిగించడానికి వెళ్ళేటప్పుడు వంటామె నడవలో ఒకచోట తల వంచేది. చేతిలో పాలగిన్నె ఉన్నా, నోట్లో మాట ఉన్నా, అక్కడికి రాగానే మెడ దానంతటదే వంగేది. నెత్తిమీద గాలి సర్రున కోసుకుపోయి, గోడకి చెళ్ళున తగిలేది. అది ఆ బంగళా కట్టించిన పెద్దదొర తన గుమాస్తాని కొట్టిన చెంపదెబ్బ. కొట్టినవాడూ పోయాడు, తిన్నవాడూ పోయాడు. దెబ్బ మాత్రం పోలేదు.

ఆ బంగళాలో అంతే. పడిన దెబ్బ పడిన చోటే ఉండిపోయేది. పడిన వేళకి రోజూ మళ్ళీ పడేది. పనిలో కొత్తగా చేరినవాళ్ళకి జీతం సంగతి కంటే ముందు ఎక్కడ వంగాలో, ఎక్కడ పక్కకి తప్పుకోవాలో చెప్పేవారు.

ఇంటికి పైకప్పు పడకముందే మొదటి దెబ్బ పడింది. మెట్లు వంకరగా వచ్చాయని పెద్దదొర రాళ్ళు చెక్కేవాణ్ణి వాడి సుత్తితోనే కొట్టి చంపాడు. అందుకే ఎండెక్కే వేళ మెట్లకి ఎడమవైపు ఎవరూ దిగరు. ఆయన కొడుకు నిమ్మతోట వేయించాడు. కూలీల్ని కొరడాతో కొట్టి కొట్టి ఆ తోటని పెంచాడు. ఇప్పటికీ మిట్టమధ్యాహ్నం అక్కడ చెయ్యి లేని కొరడా ఆకుల్ని చీల్చేస్తుంది. కాయలు కోసేవాళ్ళు అప్పటికల్లా బుట్టలెత్తుకుని గట్టు మీదికి చేరి అన్నం తింటారు. మనవడు మెత్తటి మనిషని లోకంలో పేరు. ఆయన తలుపులు వేసుకుని కొట్టేవాడు, అదీ పెళ్ళాన్ని ఒక్కదాన్నే. మేడమీద ఆ గదికి తాళం పడి చాలా కాలమైంది. దీపాలు పెట్టే వేళకి మాత్రం లోపలినుంచి చప్పుడు వినిపించేది. ఆమె పిల్లలిద్దరూ, అంటే ఇప్పటి దొరా, అతని చెల్లెలూ, సరిగ్గా ఆ వేళకి ఎక్కడున్నా గొంతు పెంచి ఏదో ఒకటి మాట్లాడుకునేవాళ్ళు.

ఒక్క హాలు మాత్రం శుభ్రంగా ఉండేది. హాల్లో చెయ్యెత్తకూడదని పెద్దదొర కట్టుబాటు. కొట్టాలనిపిస్తే బయటికి ఈడ్చుకెళ్ళి కొట్టు. మంచితనం అనుకునేరు! తాము కూర్చునే చోటు తమ నెత్తికి భద్రంగా ఉండాలని, అంతే.

ఇప్పటి దొరకి కోపం ముక్కు మీదే. గుర్రం కాలు జారితే గుర్రాలవాడి వీపు పగిలేది. చెల్లెలంటే మాత్రం ప్రాణం. తల్లి పోయాక తనే జడ వేశాడు, తనే అక్షరాలు దిద్దించాడు. ఒక్కనాడూ చెయ్యి చేసుకోలేదు.

తప్పుకున్నవాళ్ళని వదిలేసి ఆ దెబ్బలన్నీ గోడలకి తగిలేవి కదా, పూత పెచ్చులు పెచ్చులుగా రాలిపోయేది. ఆ ఏడు దాన్ని బాగుచెయ్యడానికి ఒక మేస్త్రీ వచ్చాడు. వయసు చిన్నదే. కనురెప్పల మీద ఎప్పుడూ తెల్లటి సున్నప్పొడి ఉండేది. కన్నార్పితే వెన్నెల రాలుతుందేమో అన్నట్టుండేవాడు. పెరట్లో గుంట తవ్వి సున్నం పోసి నీళ్ళు కొట్టాడు. అది కుతకుతా ఉడుకుతుంటే పిల్లులు కూడా అటు పోవడం మానేశాయి.

మొదటిరోజు పొద్దున్నే ఎవరూ చెప్పకముందే నడవలోకి వెళ్ళాడు. చెంప పగిలింది. సున్నం గమేళా ఒకవైపు, తను ఒకవైపు పడ్డారు. అటుగా వచ్చిన దొర చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఎవరండీ కొట్టింది?" అన్నాడు మేస్త్రీ బుగ్గ తడుముకుంటూ.

"మా ముత్తాత. నిన్ను కాదులే, గుమాస్తాని."

"పాతకాలం సరుకు గట్టిదంటే ఏమో అనుకున్నాను," అన్నాడు అతను, రక్తం ఉమ్మేసి.

ఆ రోజునుంచి ఎక్కడ వంగాలో ఆమే నేర్పింది. "ఇక్కడ వంగు. ఇక్కడ ఆగు, కర్ర పోనీ. ఆ, ఇప్పుడు రా." ఇద్దరూ కలిసి వంగి, కలిసి లేచి, ఇంటి చుట్టూ తిరిగేవాళ్ళు. చూసేవాళ్ళకి నాట్యంలా ఉండేది. అలా వంగి లేచే మధ్యలో ఎక్కడో మనసులు కలిశాయి. ఎక్కడంటే ఏం చెబుతాం, ఆ చోట ఏ దెబ్బా లేదు కాబట్టి ఎవరికీ గుర్తులేదు.

పూత ఎండి అతను వెళ్ళిపోయే రోజు దగ్గరపడ్డాక ఒకనాటి పొద్దున ఆమె నడవలో వంగడం మరిచిపోయింది. పుట్టినప్పటినుంచి మరవని మనిషి, అతని మొహం చూస్తూ నిటారుగా నడిచింది. మేస్త్రీ చటుక్కున ఆమె తలమీద చెయ్యివేసి కిందికి వంచాడు. దెబ్బ అతని వేళ్ళని రాసుకుంటూ పోయింది.

నడవ చివర దొర నిలబడి ఉన్నాడు. పనివాళ్ళు తిరిగే నడవల్లో దొరలు నడవరు, అందుకని వాళ్ళకి ఆ చోట్లు తెలియవు. అతనికి కనిపించింది ఒక్కటే, చెల్లెలి తలమీద కూలివాడి చెయ్యి.

అప్పటికి వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. సాయంత్రం గోడ గడియారం నాలుగు కొట్టే వేళకి మేస్త్రీ హాల్లో, దొర కుర్చీ వెనక స్తంభం దగ్గర మోకాళ్ళమీద కూర్చుని, పనిలో పనిగా దాని పూత కూడా నునుపు చేస్తున్నాడు. దొర వెండిపొన్ను కర్ర తీసుకుని వెనకనుంచి వచ్చాడు. గుమ్మంలోంచి చెల్లెలు కేక పెట్టింది. మేస్త్రీ తిరిగి చెయ్యెత్తాడు. తలకి గురిపెట్టిన దెబ్బ ముంజేతి మీద పడింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. తాపీ జారి నేలమీద గింగిరాలు తిరిగింది.

అప్పుడు గుర్తొచ్చింది దొరకి, తను హాల్లో కొట్టానని. మొహం పాలిపోయింది. తనమీద తనకొచ్చిన కోపం కూడా మేస్త్రీ మీదే చూపించాడు. జుట్టు పట్టుకుని వరండాలోకి ఈడ్చుకెళ్ళి, కర్ర విరిగేదాకా బాది, ధాన్యం కొట్లో పడేసి తాళం వేశాడు.

"రేపు దీపాలు పెట్టే వేళకి వీడు తవ్విన గుంటలోనే కొత్త సున్నం పోసి వీణ్ణి తొయ్యి," అన్నాడు గుర్రాలవాడితో. "ఎముక కూడా మిగలకూడదు."

గుర్రాలవాడు తల వంచుకున్నాడు. ఆ ఇంట్లో ఆ ఒక్క పనీ అందరికీ బాగా వచ్చు.

మర్నాడు దొర కుర్చీ హాలు అటుచివరకి మారింది. మధ్యాహ్నం పడుకుని లేచి వచ్చేసరికి చెల్లెలు స్తంభం దగ్గర, సరిగ్గా మేస్త్రీ కూర్చున్న చోట, మోకాళ్ళమీద కూర్చుని ఉంది. మేస్త్రీ పరంజా కట్టుకునే తాడుతో నడుముని, భుజాల్ని స్తంభానికి బిగించి కట్టుకుంది. తాడుని ముందే నీళ్ళలో తడిపింది. తడితాడు ముడి ఎలా బిగుస్తుందో మేస్త్రీయే ఆమెకి నేర్పాడు.

"ఏంటా పిచ్చి? లే!" అన్నాడు దొర.

"నిన్న నువ్వు కొట్టింది ఇక్కడేగా అన్నయ్యా?"

"చెల్లాయ్, నాలుగు కాబోతోంది. ఆటలొద్దు."

"తాళంచెవి ఇచ్చెయ్. అతను గేటు దాటాడని నా చెవులతో వినాలి."

"నీమీద ఈగ వాలనిచ్చానటే ఎప్పుడైనా?"

"ఈగ సంగతి సరే. కర్ర వాలుతుంది చూడు."

దొర ముడులమీద పడ్డాడు. గోళ్ళు విరిగాయి కానీ ముడి కదల్లేదు. "కత్తి తెండి!" అని అరిచాడు. గుమ్మాలనిండా పనివాళ్ళు నిలబడి ఉన్నారు. ఒక్కరూ కదల్లేదు.

"కత్తులన్నీ సాన పెట్టడానికి పంపాను బాబూ," అంది వంటామె, చేతిలో ఉన్నదాన్ని వీపు వెనక దాచుకుంటూ.

దొర గడియారం వైపు చూశాడు. చెల్లెలి వైపు చూశాడు. జేబులోంచి తాళంచెవి తీసి గుర్రాలవాడి మొహాన కొట్టినట్టు విసిరాడు. వాడు పరిగెత్తాడు. కొట్టు తలుపు కిర్రుమంది. గులకరాళ్ళమీద తూలుతూ పోతున్న అడుగులు వినిపించాయి. తర్వాత గేటు దగ్గరనుంచి గుర్రాలవాడి ఈల.

"విన్నావుగా! విప్పుకో ఇంక!"

ఆమె ముడి పట్టుకుని లాగింది. పళ్ళతో లాగింది. "రావట్లేదు అన్నయ్యా," అంది.

"ఉంది బాబూ, ఉంది!" అంటూ వంటామె కత్తితో వచ్చి పడింది. తాడు బొటనవేలంత లావు. నీళ్ళు తాగి గట్టిపడింది. సగం తెగిందో లేదో, గడియారం గురగురలాడి మొదటి గంట కొట్టింది.

పైన గాలిలో కర్ర లేచిన చప్పుడు అందరికీ వినిపించింది. దొరకి ఆ చప్పుడు బాగా తెలుసు. కానీ ఎప్పుడూ పిడివైపునుంచే విన్నాడు. చెల్లెలి తలమీదికి ఒరిగి కుడిచెయ్యి అడ్డం పెట్టాడు.

మళ్ళీ అదే, ఎండుకట్టె విరిగిన చప్పుడు. ఎముక చర్మం చీల్చుకుని తెల్లగా బయటికొచ్చింది. దొర అరవలేదు. నిన్న అవతలివాడు కూడా అరవలేదని అప్పుడే తట్టినట్టు, నోరు తెరిచి అలాగే కూలబడ్డాడు. ఆమె జుట్టంతా రక్తంతో తడిసింది. అది అన్నయ్య రక్తం. ఆమెకి చిన్న గీత కూడా పడలేదు.

ఆ సాయంత్రమే వెళ్ళిపోయింది. వెళ్ళేముందు తన ఓణీ చింపి అన్న చేతికి కట్టు కట్టింది. "నేను వెళ్ళొస్తానన్నయ్యా" అంది. వస్తావా అని అతనూ అడగలేదు. గేటు బయట మేస్త్రీ ఒంటిచేత్తో ఆమె మూట అందుకున్నాడు.

మర్నాడు నాలుగింటికి పనివాళ్ళంతా హాలు గుమ్మాల దగ్గర గుమికూడారు. గడియారం కొట్టింది. స్తంభం దగ్గర ఏమీ పడలేదు. ఈగ ఒకటి వచ్చి వాలి, రెక్కలు తుడుచుకుని ఎగిరిపోయింది. ఎవరి దెబ్బ వాళ్ళు తింటే ఆ దెబ్బ తీరిపోతుందని, అన్ని తరాల్లో ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఎలా తెలుస్తుంది? ఎవరూ తిని చూడందే!

దొర వచ్చి ఆ ఖాళీ చోట నిలబడి చూశాడు. ఆ ఇంట్లో చెల్లెలు మళ్ళీ అడుగు పెట్టాలంటే, పెట్టినప్పుడు తల వంచక్కర్లేకుండా ఉండాలంటే, చెయ్యగలిగింది ఏమిటో అతనికి అర్థమైంది. పెద్దవాళ్ళ దెబ్బలు అతని చేతిలో లేవు. తనవి ఉన్నాయి.

"నేను ఎక్కడెక్కడ కొట్టాను?" అని అడిగాడు వంటామెని.

"ఎక్కడ కొట్టలేదో అడగండి బాబూ, తొందరగా తెములుతుంది," అందామె.

ముందు, అక్కడి దెబ్బ పడే వేళ చూసుకుని, గుర్రాల సాల దగ్గరికి వెళ్ళాడు. విరిగిన చెయ్యి మెడకి వేలాడుతోంది. రెండోచేత్తో చొక్కా పైకి లాక్కుని, వీపు తిప్పి నిలబడ్డాడు. గుర్రాలవాడు అతన్నీ నేలనీ ఎగాదిగా చూశాడు. ఎన్నాళ్ళుగానో రోజూ తను తప్పుకుంటున్న చోటు, వాడికి కళ్ళు మూసుకున్నా తెలుసు.

"అక్కడ కాదు దొరగారూ," అన్నాడు. "కొంచెం ఎడమకి."

దొర జరిగాడు.

"ఇంకాస్త."

దొర ఇంకాస్త జరిగాడు. గుర్రాలవాడు దూరంగా వెళ్ళి, గుర్రం కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టాడు.