నాలుగింటి మెసేజ్

పొద్దున మెట్ల మీద జారిపడ్డ కూతురు కాలికి కట్టుతో మంచమెక్కింది. సరిగ్గా నాలుగింటికి, కుట్టుమిషను మీదున్న వాళ్లమ్మ ఫోను మోగింది. "మీ అమ్మాయి ఈరోజు అన్ని క్లాసులకూ హాజరైంది" అని కాలేజీ మెసేజ్.

అమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. మెడలో టేపు తియ్యకుండానే కాలేజీ ఆఫీసుకెళ్లి, ఫోను గుమాస్తా ముందు పెట్టింది.

"మంచం దిగని పిల్ల మీ క్లాసులో ఎలా కూర్చుందయ్యా?"

"రానివాళ్ల పేరు లెక్చరర్ ఫోన్లో నొక్కాలమ్మా. నొక్కకపోతే అందరూ వచ్చినట్టే మెసేజ్ వెళ్లిపోతుంది."

"ఒక్కసారి పిల్ల మొహం చూసే తీరిక కూడా లేదా మీకు? కళ్లు నెత్తికెక్కాయా?" అని దులిపేసి, ఇన్నాళ్ల మెసేజులూ ఇలాంటివేనేమోనన్న అనుమానంతో అదే ఊపులో ఇంటికొచ్చి కూతురి మీద పడింది. "నిన్నటిదాకా కాలేజీకెళ్లింది నిజమేనా?"

"మానేసి రెండు నెలలైంది. పార్కులో కూర్చుంటున్నా." కూతురూ గొంతు పెంచింది. "చదువు బుర్రకెక్కట్లేదని రోజూ నీకు చెబుదామనే వచ్చేదాన్ని. నువ్వేమో ఆ మెసేజ్ చూసుకుని మురిసిపోయేదానివి. ఇవాళ ఎలా గడిచిందే అని ఒక్కనాడైనా అడిగావా?"

తిట్టడానికి అమ్మ నోరు తెరిచింది. ఇందాక గుమాస్తాను తిట్టిన తిట్లే నోటికొచ్చాయి. కొలతలు తీసి కుట్టినట్టు, అవి తనకే సరిపోయాయి.